నాలుగు వందల పదిహేడో మేకు

హలో… ఎవరనుకున్నవ్, నేనే బిడ్డా. మహమూద్ చాచాను… బెల్లంపల్లి నుంచే, ఇంకేడి నుంచి చేస్త.

క్లబ్బులనే ఉన్న. పొద్దుగాల తొమ్మిదింటి సంది ఈడనే… తిన్న, తిన్న. లతీఫా డబ్బా కట్టిచ్చింది. మీ చాచీ. లతీఫున్నీసా… ఆ, నీ గురించి అడుగుతది రోజు. సృజన ఎట్లుంటది, ఎవరి పోలిక అని. నేనేం చెప్పాలె, నిన్ను ఫోన్ల విన్నుడే గని చూసింది లేదాయె.

ఊడ్పిచ్చిన. కడిగిపిచ్చిన. పావురాలు చేసిన ఖరాబు ఒక్క దినం పని కాదు. బొగ్గుబాయిలు నడిచినప్పుడు ఈ క్లబ్బుల క్యారమ్ బోర్డు కాడ లైన్ కట్టేటోళ్ళు. గిప్పుడు పావురాలకు క్వార్టర్ అలాట్ చేసినట్టుంది… నవ్వకు, నిజమే చెప్తున్న.

కుర్చీలు రెండొందలు… సాలవా? మరి ఎంతమంది వస్తరు?… ఏమో అంటే ఎట్ల బిడ్డా. నీ పాటలు ఫోన్ల లక్షమంది విన్నరంటివి. ఆ లక్షల నుంచి బెల్లంపల్లి దాక ఎందరు బస్సెక్కుతరో జర అందాజ చెప్పాలె గదా… సరే, మూడొందలేస్త. మిగిల్తే మా రిటైరైనోళ్ళు కాళ్ళు చాపుకొని కూసుంటరు.

చాయ్, ఉల్లిగడ్డ సమోసా… బిర్యానీ వద్దు. బిర్యానీ పెట్టినవనుకో, నీ పాట ఎవడు వినడు, అందరి చెవులు డేగిస కాడనే ఉంటయ్.

ముఖ్య అతిథి ఎవరు మరి?… ఎవలు లేరా. గదేంది. మైకు ముంగట అరగంట మాట్లాడి అందర్ని పరేషాన్ చేసేటోడు లేకుంటే ఈడ దాన్ని ఫంక్షన్ అనరు… నువ్వే మాట్లాడ్తవా. మాట్లాడు. నీ ఇష్టం.

జర ఆగు. నాకొక్క సంగతి సమజయితలేదు. ఆల్బమ్ విడుదల అంటివి. క్యాసెట్ లేదంటివి. సీడీ లేదంటివి. అంత ఫోన్లనే వస్తదంటివి. మరి స్టేజీ మీద నువ్వు విడుదల చేసేదేంది? రిబ్బన్ దేనికి కట్టాలె నేను?

…ఆ, బోర్డు తెప్పిచ్చిన. నువ్వు చెప్పిన బోర్డే, బాయి దిగేటోళ్ళకు లైట్లిచ్చే పాత ల్యాంప్ రూములది. తుక్కుల పడుండె. నలుగురం మోసుకొచ్చినం. టేకు గదా, చెదలు పట్టలే. మేకులన్ని ఉన్నయ్. నంబర్ల రంగు పోయింది గని చదవొస్తది. స్టేజీ మీద నిలవెట్టిన, నా ముంగటనే ఉంది… దాని మీద ఏదో తగిలిస్తవా. సర్‌ప్రైజ్ అంటివి, అందుకే నేనడగలే.

కప్పా? కప్పు గట్టిదే. కట్టెతోని కొట్టి చూసిన… ఆ, మొత్తం. నిచ్చెనేసుకొని నాలుగు మూలలు చూసిన… అలవాటు బిడ్డా. బాయిల పని చేసినోడు కప్పు కొట్టి చూడంది కింద కూసోడు. గట్టిగ మోగితే కూసోవచ్చు, డొల్లగ మోగితే ఉరుకుడే. నేను పెండ్లిలకు పోయినా ఫంక్షన్ హాలు గోడ కొట్టి చూస్త, లతీఫా అందరి ముంగట తిడుతది.

…ఏంది?… నీ పాటల్ల తాళం గదేనా. కప్పు కొట్టే చప్పుడు… మీ అవ్వ నేర్పిందా. అనసూర్య నేర్పిందా. వంటింట్ల గంటెతోని కొట్టి, బాపు గిట్ల కొట్టేటోడు అని చూపిచ్చిందా.

…

మంచిగుంటది. మంచిగనే ఉంటది. ఇప్పుడు వినిపియ్యకు. శనివారం వింట.

బెంజో?… బెంజో ఎందుకు?… స్టేజీ మీద పాడే ఒక పాటల జాగ ఖాళీ పెట్టినవా. బాపు పాడుతుంటే ఎనుక బెంజో వాయించేటోళ్ళని అవ్వ చెప్పిందా… లే బిడ్డా. ఈడ గిప్పుడు ఎవలు వాయిస్తలేరు. మీటలు నొక్కుకుంట తీగలు మీటుడు, అది ఆ కాలం సంగతి. వాయించేటోళ్ళు పోయిండ్రు… ఆ. అందరు పోయిండ్రు.

ఇగ నేను ఫోన్ ఎందుకు చేసిన్నంటే. ఫ్లెక్సీ వచ్చింది. మంచిర్యాల నుంచి బస్సుల వేసి పంపిండ్రు. గిప్పుడే విప్పి నేల మీద పరిచిన…

మంచిగ కొట్టిండు. రంగులు మంచిగున్నయ్. నీ ఫోటో గూడ. కండ్లు మీ బాపువే… పక్కకు ఇత్తడి బిళ్ళ. గుండ్రంగ. దాని మీద నంబరు.

…గదే అడుగుదామని. ఆ నంబరు. నాలుగు వందల పదిహేడు. గదేంది బిడ్డా?

…ఆల్బమ్ పేరా.

…లే, ఉన్న. లైన్లనే ఉన్న. చెప్పు.

…మీ బాపు నంబరా. బాయిల కొమురెల్లి నంబరు నాలుగు వందల పదిహేడు అని… ఎవరు చెప్పిండ్రు నీకు?

…బిళ్ళ నీ దగ్గర్నే ఉందా. అసలు బిళ్ళ… అవ్వ బీరువల దాచిపెట్టిందా. బాపును బయటికి తెచ్చినప్పుడు పిడికిట్ల ఉండె అన్నదా.

…కూసున్న. కూసున్న బిడ్డా, కుర్చీ మీదనే కూసున్న.

…ఆ. సమజయింది. దిగేటోడు మేకు మీది బిళ్ళ తీసుకొని దిగుతడు. ఎక్కినంక తెచ్చి అదే మేకుకు తగిలిస్తడు. మేకు ఖాళీగుంటే మనిషి ఇంక లోపట్నే ఉన్నట్టు. ఆ, గంతే లెక్క. చదువు రానోనికి గూడ తెలిసే లెక్క… మీ బాపు మేకు ఇరువై ఏడేండ్ల సంది ఖాళీగుంది అంటున్నవ్. శనివారం నువ్వు ఆ బిళ్ళ తెచ్చి మేకుకు తగిలిస్తవ్. బాపు పైకెక్కినట్టు. ఆల్బమ్ విడుదలయినట్టు…

ఎంత మంచి ఆలోచన చేసినవ్ బిడ్డా.

…లే, ఏం కాలే. ఫ్లెక్సీ చుట్టి పక్కకు పెడుతున్న.

…ఒక్క మాట. పేరు మార్చరాదా?

…కోపానికి రాకు. అడిగిన, గంతే. ఫ్లెక్సీ మల్ల నేనే కొట్టిపిస్త…

…పాటలన్ని ఫోన్లకు ఎక్కిచ్చేసిండ్రా. శనివారం దానంతట అదే వస్తదా, ఇగ ఆపరాదా… ఎందుకా? ఎందుకంటే…

…ఎందుకంటే అది మీ బాపు నంబరు కాదు.

…నాకు తెల్వదా బిడ్డా. పదకొండేండ్లు వానితోని ఒక్క లైన్ల నిలవడ్డ. మీ బాపుది రెండు వందల అరువై మూడు. ల్యాంప్ రూము కిటికి కాడ వాడు 'దో సౌ తిర్సఠ్' అని ఉర్దుల అరిచేటోడు, నన్ను నవ్విపిచ్చుటానికి.

…మరి ఇది ఎవరిదంటే…

…

…నాది.

నాదే. మహమూద్, నాలుగు వందల పదిహేడు.

…ఆ, గట్లనే అంటరందరు. ఆనాడు బిళ్ళలు తారుమారైనయ్ అని. పొద్దుగాల జల్ది జల్దిల వాడు పొరపాటున నా బిళ్ళ తీసిండని. కాయిదాలల్ల గూడ గట్లనే ఉంది. పెద్దమనుషులు దగ్గరుండి రాయిపిచ్చిండ్రు. గట్ల రాస్తేనే మీ అవ్వకు నౌకరి వచ్చింది.

…ఏంది?… ఇంక మంచిగుంటదా. పొరపాటున దోస్తు బిళ్ళతోని దిగిండు అంటే కథ ఇంక మంచిగుంటది అంటున్నవా. నన్ను స్టేజీ మీదికి పిలుస్తవా. పక్కకు నిలవెట్టుకొని చెప్తవా…

లే. ఆగు. ఆగు బిడ్డా.

నేను గీడనే ఆపితే అయిపోతది. నువ్వు ఖుష్, నేను ఖుష్. ఇరువై ఏడేండ్లు గీడనే ఆపుకుంట వచ్చిన. కని నువ్వు ఈ బోర్డు తెమ్మంటివి. నేను తెస్తిని. పొద్దటి సంది దీని ముంగట కుర్చీలు వేసుకుంట తిరుగుతున్న. ఎటు పోయినా ఆ ఒక్క మేకు నా దిక్కే ఉన్నట్టుంది.

పొరపాటు కాదు. నేను అడిగితే దిగిండు.

…

చెప్త. కట్ చెయ్యకు, ఒక్కసారే చెప్త. మల్ల చెప్పుడు నాతోని కాదు.

నాకు బెంజో పిచ్చి ఉండె… ఆ, నేనే. ఎవలు లేరన్న గదా, అబద్ధమాడిన. మీ బాపు పాడేటోడు, నేను వాయించేటోన్ని. ఈ క్లబ్బులనే, ఈ స్టేజీ మీదనే. పెండ్లిలు, ఉర్సులు, గణపతి నవరాత్రులు, ఏడ పిలుస్తే ఆడికి పోయేటోన్ని, డ్యూటీ నాగా పెట్టి. నాగాలు పెరిగినయ్. ఇంకొక్కటి అయితే నీ పేరు కొట్టేస్తం అని ఆఫీసుల చెప్పిండ్రు. గప్పుడే కరీంనగర్ల క్యాసెట్ రికార్డింగ్ అని కబురు వచ్చింది. అట్ట మీద నా పేరు పడ్తదన్నరు. కింద మూలకు, చిన్నగ. పేరు పడుడు అంటే ఎట్లుంటదో నీకు వేరే చెప్పాల్నా.

మీ బాపుకు ఆనాడు రెస్టు. ముందు దినం షిఫ్ట్ దిగంగనే అడిగిన. రేపు నా బిళ్ళతోని నువ్వు దిగు, నా హాజరు పడనియ్ అని… కాదన్నడు. మొదలు కాదన్నడు బిడ్డా. రేపు అనసూర్యను దవాఖానకు తోల్కపోవాలె, ఏడో నెల, డాక్టరమ్మ రమ్మన్నది అన్నడు.

…ఆ. నువ్వే. కడుపుల ఉన్నది నువ్వే.

నేను అలిగిన. గొడవ పెట్టుకోలే, మాట్లాడుడు బంద్ చేసిన. సైకిల్ ఎక్కి వెళ్ళిపోయిన. నేను అలుగుతే వాడు తట్టుకోడని నాకు తెలుసు. తెలిసే అలిగిన. పొద్దుమూకంగ మా గుమ్మం కాడికి వచ్చిండు. 'పోరా, పోయి వాయించు, నేను దిగుత' అన్నడు. గంతే. చాయ్ తాగి పోరా అంటే, రేపు తాగుత అన్నడు.

…

పదిన్నరకు వాయించిన. రెండుసార్లు తప్పిన, మూడోసారి మంచిగ వచ్చింది. స్టూడియో ఆయన షాబాష్ అన్నడు. బాయిల కప్పు కూలింది గూడ పదిన్నరకే అంటరు. వాడు కప్పు కొట్టి చూడంది పనిల దిగేటోడు కాదు. నా జాగల నిలవడ్డడు, నా మనుషుల తోని. ఆ కప్పు మోతకు వాని చెయ్యి అలవాటు లేకుండె. నేనుంటే తెలిసేదేమో. ఏమో. తెలిసేదే అనిపిస్తది.

…ఈడనా? ఈడ బోర్డు చూసిండ్రు. ఎక్కినోళ్ళ బిళ్ళలన్ని మేకులకు పడ్డయ్. నాలుగు వందల పదిహేడు ఒక్కటి ఖాళీ. మహమూద్ లోపట ఉండిపోయిండు అన్నరు. వానితోని దిగినోళ్ళకు తెలుసు అది కొమురెల్లి అని. కని నోరు తెరుస్తే ఇద్దరి నౌకర్లు పోతయని, మనిషి ఎట్లనన్న బతికి వస్తడని, ఎవడు మాట్లాడలే. లతీఫాకు కబురు పోయింది. డ్యూటీకే పోతున్న అని ఆమెకు అబద్ధం చెప్పి పోయిన గదా, నమ్మింది. అందరికంటే ముందుగల మీ అవ్వనే వచ్చిందట మా ఇంటికి. కడుపుతోని, గచ్చు మీద, ఆరు గంటలు లతీఫాను పట్టుకొని కూసుందట.

అయిదింటికి నేను బస్సు దిగిన. చేతుల బెంజో పెట్టె. గల్లి మలిగిన… ఆడోళ్ళు ఏడుస్తుండ్రు. నా పేరు తీసి ఏడుస్తుండ్రు బిడ్డా. ఎవరో సచ్చిండ్రని నేను గూడ జల్ది నడుస్తున్న.

నన్ను మొదలు చూసింది మీ అవ్వ. లతీఫా తల ఆమె ఒళ్ళె ఉంది. తలెత్తి నన్ను చూసింది… నవ్వింది. నవ్వినట్టనిపిచ్చింది. నేను బతికే ఉన్ననని ఖుష్ అయింది పాపం, ఇంక తన మొగని సంగతి తెల్వదు, అని అనుకున్న. ఆ నవ్వు మొఖం మీద అట్లనే ఉండిపోయింది. గా మొఖమే. మొఖం కడుక్కుంటుంటే గదే. నమాజుకు నిలవడితే గదే. పెండ్లిల్ల కుర్చీలు లెక్కవెట్టుకుంట, ఒక్కొక్క కుర్చీల గా మొఖమే కూసున్నట్టుంటది.

…మీ బాపును చూసుటానికి రాలే. దినాలకు రాలే. మీరు గోదావరిఖని పోయిండ్రని వేరేటోళ్ళు చెప్తే విన్న. మల్ల బాయి దిగలే. బెంజో ముట్టలే. టెంట్లు వేసుకుంట బతుకుతున్న. క్యాసెట్ వచ్చింది, నేను వినలే.

…

హలో.

…ఉన్నవా బిడ్డా?

తిట్టు. తిట్టాలనిపిస్తే తిట్టు. నా పని మాత్రం చేసి పోత. కుర్చీలు వేస్త, బాక్సులు పెడ్త, మైకు చూసుకునుటానికి ఫైజల్‌ను ఉంచుత, మా అన్న కొడుకు, మంచోడు. శనివారం నేను రాను. నువ్వు ఏమన్న చెప్పు స్టేజీ మీద, నేను ఊర్ల ఉండ…

…ఏంది?

…స్పీకర్ల పెట్టినవా. ఎప్పటి సంది?

…మొదటి సంది. ఎవరున్నరు నీ పక్కకు?

…

…

అనసూర్యా.

…ఆ, నేనే. గొంతు ముసలిదయింది గదా. నీది గట్లనే ఉంది చెల్లె.

…చెప్పు. ఏమన్న చెప్పు, వింట.

…తెలుసా. ఏం తెలుసు?

…చెప్పి పోయిండా. నీకు చెప్పే పోయిండా. దవాఖానకు ఎల్లుండి పోదాం, రేపు మహమూద్ పేరు మీద దిగాలె అని… నిజమే. నీకు చెప్పకుండ ఎట్ల పోతడు. రెస్టు నాడు మొగడు డ్యూటీకి పోతుంటే పెండ్లం అడుగదా. నాకు గింత సమజ్ గాలే గిన్నేండ్లు…

…ఆగు. ఆగు చెల్లె.

మరి నాలుగు వందల పదిహేడు లోపట ఉండిపోయిండు అన్నప్పుడు… నీకు అప్పుడే తెలుసు.

…తెలిసి మా ఇంటికి వచ్చినవా. తెలిసి లతీఫాను పట్టుకొని కూసున్నవా ఆరు గంటలు.

…నోరు ఎందుకు తెరువలే?

…ఆ… ఆ. తెరుస్తే నిజమయితదని.

…మెల్లగ చెప్పు. ఫికర్ చెయ్యకు, ఈడ ఎవలు లేరు. నేనూ బోర్డే.

…మొక్కినవా. ఏమని మొక్కినవ్?

…

…లే, వినబడ్డది. వినబడ్డది గని మల్లొక్కసారి చెప్పు.

…మహమూద్ కరీంనగర్ పోయుండొద్దు అని. బస్సు తప్పిపోయుండాలె అని. వాడే వచ్చి వాని బిళ్ళ వాడే తీసుకొని దిగుండాలె అని. లోపట ఉన్నది మహమూదే కావాలె అని…

ఒక దిక్కు లతీఫా కండ్లు తుడుసుకుంట గిట్ల మొక్కినవా.

…గందుకే. గందుకే నేను గల్లి మలిగినప్పుడు నువ్వు…

…అది నవ్వు కాదా.

…కాదు.

…

ఏడువకు. పక్కకు బిడ్డ ఉంది, ఏడువకు. నా మొఖం చూడలేకనా నువ్వు ఊరు ఇడిసిపోయింది. నేనేమో నా మొఖం నీకు చూపియ్యలేక గడప తొక్కకపోతిని.

తప్పేముంది చెల్లె. మొగని కోసం ఎవలైన గదే మొక్కుతరు. నేను గూడ గదే మొక్కుతున్న. ఇరువై ఏడేండ్ల సంది, రోజుకు అయిదు సార్లు. లోపట ఉన్నది నేనే కావాలె అని.

…ఆ. ఇద్దరం ఒక్కటే మొక్కినం.

…లతీఫాకా? తెల్వదు. ఏం తెల్వదు. నువ్వు పట్టుకొని కూసున్నవని గిప్పటికీ చెప్పుకుంటది. అనసూర్య లేకుంటే ఆనాడే నా పానం పోయేది అంటది. నాకు అన్నం దిగదు గా మాట వింటే.

…ఏమన్నవ్?… లతీఫా ఏడ్చింది మీ ఆయన కోసమేనా. అందరికంటే ముందుగల. పేరు తప్పు గని ఏడుపు తప్పు కాదు, నువ్వు నోరు మూసుకొని కూసుంటే నీ బదులు ఆమె ఏడ్చింది…

గా మాట నేను చెప్పను. శనివారం ఆమెకు నువ్వే చెప్పాలె. తోల్కొని వస్త.

…ఆ, వస్త అనే అన్న. ఇంతకుముందు రాను అన్న, నిజమే.

…నా ఫోన్ నంబరు సృజనకు ఇచ్చింది నువ్వేనట గదా. పని మహమూద్‌కే ఇయ్యి అన్నవట. గీ మాట నాకు చెప్పాలనే ఇచ్చినవా… ఇరువై ఏడేండ్లు పట్టింది ఇద్దరికి.

…ఏది? రెండు వందల అరువై మూడు బిళ్ళనా?… కంపెనీల అడిగినవా. మా ఆయన సొంత బిళ్ళ కావాలె అని… మూడుసార్లు పోయినవా. కనవడ్తలేదు అన్నరా. పిడికిట్లది ఇచ్చి ఇదే ఉంచుకో అన్నరా. ఉన్నది ఇదొక్కటేనని బిడ్డకు ఇదే బాపుది అన్నవా… ఆయన చేతుల ఉన్నది ఆయనదే. నువ్వు అన్నదాంట్ల తప్పు లే.

…పోలే చెల్లె. ఆ బిళ్ళ పోలే.

నా దగ్గర ఉంది.

వాడు దాన్ని తియ్యనే లేదు గదా ఆనాడు. వాని మేకు మీదనే ఉండె. బోర్డు లెక్కల వాడు దిగనే లే, ఇంటికాడ పండుకున్నడు. నేను లోపట. వేరేటోళ్ళు వాన్ని మట్టిల పెట్టి వచ్చినంక గూడ బోర్డు మీద వాడు ఇంటికాడనే ఉన్నడు. ఆ మెరుపు చూడలేకపోయిన. తగిలిచ్చే ముందు అంగి అంచుతోని తుడిచేటోడు, ఎరికనా, లైన్ల అందరి బిళ్ళలకంటే వానిదే మెరిసేది. ఎవలు లేంది చూసి తీసుకున్న. బెంజో పెట్టెల వేసి తాళం వేసిన. దొంగతనమే చేసిన.

…ఆ పెట్టెనా? ఈడనే ఉంది. పొద్దుగాల ఇంట్లకెళ్ళి వస్తుంటే చేతుల పట్టుకొని వచ్చిన. ఎందుకు తెచ్చిన్నో అడుగకు. కుర్చీ కింద పెట్టిన, పొద్దటి సంది తియ్యలే.

…తియ్యాల్నా. గిప్పుడా?

…జర ఆగు. తాళం తుప్పు పట్టింది… చెవి తిరుగుతలేదు… ఆ. వచ్చింది.

…తీగలు తెగినయ్. నాలుగుల రెండు తెగినయ్… బిళ్ళ ఉంది. అడుగుకు ఉంది. నల్లవడ్డది చెల్లె. నంబరు మాత్రం మంచిగ కనవడ్తుంది. రెండు, ఆరు, మూడు.

…తుడుస్తున్న. నా అంగితోనే.

…సృజననా? ఇయ్యి… చెప్పు బిడ్డా… పేరా? పేరు మార్చకు. ఉండనియ్, నాలుగు వందల పదిహేడే ఉండనియ్… పాటల ఖాళీ జాగనా. ఎంతసేపుంది?… ఒకటిన్నర నిమిషం. ఏమో బిడ్డా. వేళ్ళు వంగుతలేవు. రేపు మంచిర్యాల పోయి తీగలైతే తెస్త. తీగలు తెస్త అంటున్న, గంతే. దానికే ఖుష్ కాకు.

…నా బిళ్ళ శనివారం నువ్వు తెస్తవా. స్టేజీ మీద నా చేతికే ఇస్తవా. తగిలిచ్చేది నేనా…

…అవ్వ ఏమంటుంది ఎనుక నుంచి?

…ఎక్కి రమ్మంటుందా.

…వస్తనని చెప్పు. అందరి ముంగట ఎక్కి వస్తనని చెప్పు.

…ఆ, అనసూర్యా. చెప్పు… శనివారం దాక ఎందుకు అంటున్నవా. వానిది గిప్పుడే తగిలియ్యాల్నా. మూడొందల మంది ముంగట వద్దు, నువ్వు ఒక్కదానివే వింటే సాలు…

…సరే.

బోర్డు కాడికే పోతున్న. రెండు వందల అరువై… ఒకటి… రెండు… ఆ, ఇది. మేకు జర వంగింది. రెండు చేతులు కావాలె, ఫోన్ కింద పెడుతున్న. కట్ చెయ్యకు చెల్లె. హాలు ఖాళీగుంది, చిన్న చప్పుడైనా వినబడ్తది. వాడు ఇంటికి వచ్చిండు. ఇగ విను.